పది గుండ్లకు ఒక మూత

ఆయన పోయాడన్న సంగతి మా షూటింగ్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క లైనుగా వచ్చింది. కింద ఒక ఫోటో. ఆయనది విడి ఫోటో ఎవరి దగ్గరా లేనట్టుంది, ఎప్పుడో అందరం కలిసి దిగిన ఫోటోలోంచి ముఖం వరకు కత్తిరించి పెట్టారు. పక్కన నీలం చొక్కా భుజం ఒకటి సగం మిగిలిపోయింది. ఆ భుజం నాది. కాసేపట్లో దండాల బొమ్మలు వరుసగా పడ్డాయి. బతికుండగా ఆయన్ని క్లబ్బు నుంచి సాగనంపినవాళ్లు కూడా తలా రెండు దండాలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక ఫోను బల్ల మీద బోర్లా పడేశాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

క్లబ్బులో ఆయన్ని మాస్టారు అనేవాళ్లం. పలమనేరు వైపు మనిషి. తుపాకులు బాగుచేసే కొలువులో ఏళ్ల తరబడి ఉండి, రిటైరయ్యాక మాకు పిస్టల్ నేర్పడానికి తిరుపతిలో కుదిరాడు. క్లబ్బంటే గొప్పగా ఊహించుకోవద్దు. రేణిగుంట రోడ్డు పక్కన ఒకప్పుడు మామిడి గుజ్జు డబ్బాలు దాచిన గోడౌను అది. రేకుల కప్పు. ఈ చివర మేం నిలబడతాం, పది మీటర్ల అవతల తాళ్లకు కాగితాలు వేలాడతాయి. మందుగుండు లేదు, గాలితో సీసపు గుండు తోసే పిస్టళ్లే. ఎండాకాలంలో ఆ గోడల్లోంచి ఇంకా పులిసిన మామిడి వాసన వచ్చేది.

నేను తిరుపతిలోనే ఒక పెద్ద జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఎలాంటి కాలేజీ అంటే, హాస్టల్లో ప్రతి పిల్లవాడి మంచం మీదా 'నా టార్గెట్' అని ఒక కాగితం, దాని మీద దేశంలో వందలోపు ర్యాంకు ఏదో ఒకటి. రాసేది పిల్లవాడు, రాయించేది మేము. వాళ్లందరూ ఆ వందలో పట్టరని లెక్కలు రాని వాచ్‌మెన్‌కు కూడా తెలుసు. అలాంటి చోట వారం రోజులు గొంతు చించుకున్నాక, ఆదివారం పూట ఒక చెయ్యి చాచి నిలబడి, ఊపిరి బిగబట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా గంటసేపు గడపడం నాకు నచ్చింది. ఆ శాంతితో సరిపెట్టుకొని ఉంటే ఎంత బాగుండేది.

మొదటి ఆదివారం ఆయన నా చేతికి పిస్టలిచ్చి, అవతల కాగితాన్ని తిప్పి కట్టాడు. నల్ల గుండ్రం వెనక్కి పోయింది, నా వైపు ఒట్టి తెలుపు. టార్గెట్ ఏదని అడిగాను. అది ఇప్పుడు నీకు అక్కర్లేదు, కాగితం మధ్యకు పది గుండ్లు కాల్చమన్నాడు. కాల్చాను. తాడు లాగి కాగితం దగ్గరకు తెచ్చుకొని, కిటికీ దగ్గరున్న రేకు డబ్బా తీసుకొచ్చాడు. అందులో మూతలున్నాయి. టీ సాసరు, పచ్చడి సీసా మూత, ఒక గాజు, కుంకుమ భరిణె మూత, టానిక్కు సీసా మూత. గాజు వాళ్లావిడది, డజనులో మిగిలింది అదొక్కటేనట.

సాసరు తీసి నా కాగితం మీద బోర్లించాడు. పదీ దాని కింద పడ్డాయి. పచ్చడి మూత పెట్టాడు. తొమ్మిది దాని కిందికి వచ్చాయి, ఒకటి బయట మిగిలింది. మళ్లీ సాసరే పెట్టి, పెన్సిలుతో చుట్టూ గీసి, తారీకు వేసి, సంతకం పెట్టమని నాకిచ్చాడు. నాకు నవ్వొచ్చింది.

"ఆ ఒక్కటి వదిలేయండి మాస్టారూ. చెయ్యి జారింది."

"ఆ ఒక్కటి ఎవురు కాల్చినారప్పా?"

ఎగతాళి కాదు. నిజంగానే జవాబు కోసం నా ముఖంలోకి చూస్తున్నాడు. నేను సంతకం పెట్టాను.

ఆయన పద్ధతి మొత్తం అదే. పది గుండ్లనూ కప్పే మూత ఏదో అది నీ మూత. మూడు ఆదివారాలు వరసగా ఆ మూత కిందే పడితే తప్ప అది నీదని ఒప్పుకోడు. ఆ తర్వాతి లక్ష్యం దాని కిందిది, అంతే. మొదట్లో మూడు నెలలకు ఒక మూత తగ్గొచ్చు, తర్వాత ఏడాదికి ఒకటి, ఆ తర్వాత కొందరికి ఎప్పటికీ తగ్గకపోవచ్చు. ఈ చివరి మాట కూడా చేరిన రోజే చెప్పేవాడు. క్లబ్బు సెక్రటరీకి అది గిట్టేది కాదు, కొత్తగా వచ్చేవాళ్లు బెదిరిపోతారని.

మార్కులతో ఎందుకు కొలవరు అని ఒకసారి వాదించాను. దానికి ఆయన కాగితాన్ని నల్ల గుండ్రం వైపుకు తిప్పి పది కాల్పించి, ఒక చిన్న స్క్రూడ్రైవరు తీసి నా పిస్టల్ మీద గురి చూసే సైటు మరను రెండు చుట్లు తిప్పి మళ్లీ కాల్చమన్నాడు. గుండ్ల గుంపు మొత్తం ఎడమకు జరిగింది. మార్కులు సగానికి పడిపోయాయి. మూత మాత్రం అదే సరిపోయింది. మార్కు మరలో ఉంటుంది, మూత చేతిలో ఉంటుంది అని ఆయన ఉద్దేశం. మరను ఎవరైనా తిప్పగలరు. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి నాకు అది వెంటనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా మార్కుల మీద ఆశ పోలేదు, అది వేరే సంగతి.

మనిషి పొట్టి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మసిగుడ్డ. గోళ్ల చివర్లు నూనెకు నల్లబడి ఉండేవి. ఆదివారం కాల్పులు అయ్యేదాకా కాఫీ ముట్టడు, రెండు అరటిపళ్లు తిని ఊరుకుంటాడు. ఎవరినీ బాగా కొట్టావని అన్నది నేను వినలేదు. మూత తగ్గినవాడి కాగితాన్ని గోడకు మేకు కొట్టి తగిలించేవాడు, ఆ రెండు సుత్తి దెబ్బలే మెప్పు. ఎవరైనా వచ్చి నేను నిన్న వందకు తొంభై అయిదు కొట్టాను మాస్టారూ అని గొప్పలు పోతే, ముందు "ఎప్పుడు?" అనేవాడు. వాడు చెప్పాక, "మళ్ళా ఎప్పుడు?" అనేవాడు. రెండో ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబుండేది కాదు. మా క్లబ్బులో వెనకాల ఆయన్ని అనుకరించేటప్పుడు అందరూ ఆ మాటే వాడేవాళ్లు. నేనే అందరికంటే బాగా అనుకరించేవాణ్ణి.

ఆయన చెప్పింది నా తలకెక్కిందని ఒక దశలో నాకు నమ్మకం కలిగింది. క్లాసులో పిల్లలతో, గత పది పరీక్షల్లో మీకొచ్చిన అన్నిటికంటే తక్కువ మార్కు రాయండి, దాని మీద అయిదు కలిపి కొత్త టార్గెట్ వేసుకోండి అన్నాను. వెనక బెంచీలో ఒకమ్మాయి కాగితం మడతపెట్టి నాకిచ్చి, ఇదైతే నాకొస్తుంది సార్ అంది. ఆ సంవత్సరమంతా ఆ పిల్ల నోటి నుంచి నేను విన్న నమ్మకమైన మాట అదొక్కటే. మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచి, తల్లిదండ్రులు చూస్తే ఏమనుకుంటారండీ అన్నాడు. సాయంత్రానికల్లా పాత ర్యాంకులు మళ్లీ రాయించాను. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. నేనూ ఆమె వైపు చూడలేదు.

ఇక నా సంగతి. సాసరు నుంచి పచ్చడి మూతకు మూడు నెలల్లో వచ్చాను, ఆరు నెలలు తిరిగేసరికి గాజుకు వచ్చాను. సుత్తి చప్పుడు రెండుసార్లు విన్నాను. ఆపైన రెండేళ్లు గాజు దగ్గరే ఉండిపోయాను. భరిణె మూత దగ్గరకొస్తే తొమ్మిది దూరేవి, ఒకటి బయట నిలబడేది. ప్రతి ఆదివారం అదే వరస. ఆ మూతను చూస్తేనే నాకు ముఖం మాడిపోయేది.

అప్పుడు రాష్ట్రపోటీలు వచ్చాయి. అరవై గుండ్లు, గుండుకు పది లెక్కన ఆరు వందలకు పోటీ. మా క్లబ్బు నుంచి పేరు పంపాలంటే, ఈ మనిషి ఎంత లేదన్నా ఇంత కొడతాడని మాస్టారు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఐదు వందలు దాటితేనే పంపుతారు. నేను అంతకు ముందు నెలలో ఒకసారి ఐదు వందల ఇరవై మూడు కొట్టి ఉన్నాను. నా భార్యకు చెప్పాను, స్టాఫ్ రూములో చెప్పాను, పాలవాడికి కూడా చెప్పాను. అదే నా స్థాయి అని నా లెక్క.

ఆయన నా కాగితాలన్నీ బల్ల మీద పరుచుకొని అరగంట చూశాడు. చివరికి నాలుగు వందల తొంభై అని రాశాడు.

నేను బతిమాలాను. ఐదు వందల ఇరవై మూడు మీ కళ్ల ముందే కొట్టాను కదా అన్నాను. ఆయనేమీ కోప్పడలేదు. మంచి రోజున కొట్టింది దేవుడు ఇచ్చింది, చెడ్డ రోజున ఎంతకు దిగుతావో అది నీది, నేను రాయాల్సింది నీదాన్ని కదా అన్నాడు. ఇంకో ఏడాది ఆగు, భరిణె మూత పడితే ఐదు వందలు దానంతట అది వస్తుందన్నాడు. ఇద్దరు కుర్రవాళ్లు వింటూ ఉండగా అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఏడాది నా పేరు పోలేదు.

కోపం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అబద్ధం చెప్పినవాణ్ణి మనం ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తాం. నా గురించి నిజం చెప్పిన మనిషిని నేను క్షమించలేకపోయాను. ఇది నా గొప్ప కాదు, ఉన్న మాట.

ఆయన చేతికి వణుకు మొదలైంది ఆ కాలంలోనే. నెలలో మొదటి ఆదివారం మాస్టారు తాను కూడా పది గుండ్లు కాల్చేవాడు, అందరి ముందూ, అందరిలాగే తెల్ల కాగితానికి. మూత పెట్టి, గీసి, సంతకం చేసి, మా కాగితాల పక్కనే తగిలించేవాడు. నేను చేరినప్పుడు ఆయనది టానిక్కు సీసా మూత. ఒక నెల భరిణె మూత పడింది. కాఫీ పూర్తిగా మానేశాడు, తప్పంతా కాఫీదే అన్నట్టు. ఇంకొన్ని నెలలకు గాజు పడింది. కుడిచెయ్యి వేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా కదులుతుండేవి, దాన్ని జేబులో పెట్టుకొని మాట్లాడేవాడు.

దాచుకునే మనిషైతే నెలనెలా కాల్చడం మానేస్తే సరిపోయేది. ఈయన తనకు కూడా లక్ష్యం పెట్టుకున్నాడు. తగ్గడం ఇక జరగదని తెలుసు కాబట్టి, ఈ ఏడాదంతా గాజు దాటకుండా నిలబెట్టుకుంటాను అన్నాడు. ఏ రోజైతే పచ్చడి మూత పడుతుందో ఆ రోజు నుంచి పిస్టల్ ముట్టను, నోటితోనే నేర్పుతాను, దానికి కన్ను చాలు, చెయ్యి అక్కర్లేదు అని సెక్రటరీకి తానే వెళ్లి చెప్పాడు. ఆయనకు ఆ గోడౌను తప్ప వేరే సరదా లేదు. నేర్పనిస్తే చాలు, ఇంకేమీ అడగడు. చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఐదు నెలలు వరసగా గాజే పడింది. ఆ వణుకుతో అది ఎంత కష్టమో రెండేళ్లు గాజు దగ్గర ఉన్నవాణ్ణి, నాకు తెలుసు.

కానీ సెక్రటరీకి వేరే ఆలోచన ఉంది. ఆయన గ్రానైటు వ్యాపారి. క్లబ్బులో కంప్యూటర్ తెరల టార్గెట్లు పెట్టాలి, హైదరాబాదులో నేర్చుకొచ్చిన ఒక కుర్ర కోచ్‌ను తేవాలి, ఆరు నెలల్లో మెడల్ అని ఫ్లెక్సీ కట్టాలి. మూతల డబ్బా పట్టుకున్న ముసలాయన అందులో ఇమడడు. ఊరికే పొమ్మంటే బాగుండదు, ఒక కారణం కావాలి. నేను అప్పటికి కమిటీలో ఉన్నాను. సెక్రటరీ నన్ను పక్కకు పిలిచి, మీరు ఫిజిక్స్ సార్ కదా, ఆయన కాగితాలే పెట్టి ఒక గ్రాఫ్ వేసివ్వండి, మన నోటితో మనం ఏమీ అననక్కర్లేదు అన్నాడు. కొత్త కోచ్ వస్తే రాష్ట్రపోటీలకు ఎవరెవరి పేర్లు వెళ్లొచ్చో కూడా మాటల్లో మాటగా అన్నాడు.

గోడ మీంచి ఆయన కాగితాలు నేనే మేకులు పీకి తీసుకున్నాను. స్కేలుతో పెన్సిలు గీతలు కొలిచి, నెల నెలకూ ఒక చుక్క పెట్టాను. రెండేళ్ల చుక్కలు. టానిక్కు మూత నుంచి గాజు దాకా పైకి ఎక్కాయి, అక్కడి నుంచి చివరి ఐదు చుక్కలు కదలకుండా అడ్డంగా పడుకున్నాయి. ఎవరు చూసినా తెలుస్తుంది, మనిషి ఒక చోట నిలదొక్కుకున్నాడని. నా క్లాసులో ఏ పిల్లవాడైనా వాటి మీదుగా ఒకే గీత లాగితే నేను ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. నేను స్కేలు పెట్టి మొదటి చుక్క నుంచి చివరి చుక్కకు ఒకే గీత లాగాను. లాగి, అక్కడితో ఆపకుండా, రాబోయే పన్నెండు నెలలకు చుక్కల గీతగా పొడిగించాను. అది పచ్చడి మూతను దాటి సాసరు వైపు ఎక్కిపోయింది. చూడడానికి చాలా అందంగా వచ్చింది.

కమిటీ గదిలో ఆ కాగితాన్ని ఆయన ముందు పెట్టారు. సెక్రటరీ ఏదో వయసు, ఆరోగ్యం, పిల్లల భద్రత అని మొదలుపెట్టాడు. మాస్టారు అది వినలేదు. జేబులోంచి చెయ్యి తీసి గ్రాఫ్ మీద పెట్టి, ఒక్కో చుక్క మీదా వేలు ఆనించుకుంటూ వెళ్లాడు. ఏ నెలకు ఏ మూతో ఆయనకు కంఠతా ఉన్నట్టుంది. చివరి చుక్క దగ్గర ఆగాడు. నా వైపు చూశాడు. గీసింది నేనని ఆయనకెవరూ చెప్పలేదు.

"ఈ పక్కన సన్నగా పెట్టినావే, ఈ చుక్కలేందప్పా?"

"రాబోయే నెలలు మాస్టారూ."

ఆయన మళ్లీ కాగితం చూశాడు.

"ఇయ్యి నేనింకా కాల్చలేదు గదా."

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. నేను నోరు తెరిచి, ఇది మీ పద్ధతే కదా మాస్టారూ, మన చెడ్డ రోజునే లెక్కలోకి తీసుకోవాలి కదా అన్నాను. అంత మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కాదు, తెలుసు. ఇంటి దగ్గరే అనుకొని వచ్చాను.

ఆయన పెన్ను అడిగి, గాజు దగ్గరున్న చివరి చుక్క పక్కన చిన్న అడ్డగీత గీసి, ఇంతవరకు నాది నిజమే అని రాసి, సంతకం పెట్టాడు. ఆ గీతకు ఇవతలి చుక్కలన్నీ ఒప్పుకొన్నాడు, అవతలి వాటి గురించి ఇంకో మాట మాట్లాడలేదు. సెక్రటరీకి కావలసింది సంతకమే కాబట్టి ఆ అడ్డగీతను ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడే ఆయన రేకు డబ్బా తీసుకొని పలమనేరు వెళ్లిపోయాడు.

కొత్త కోచ్ వచ్చాడు. చురుకైనవాడు, ఇంగ్లీషులో ఉత్సాహపరిచేవాడు. నన్ను చూసి సార్, మీరు ఐదు వందల ఇరవై తేలిగ్గా కొడతారు అన్నాడు. అలాగే రాసి సంతకం పెట్టాడు. ఆ చలికాలం నేను రాష్ట్రపోటీలకు వెళ్లాను. మూడు నెలలుగా ఎదురుచూసిన రోజు. మొదటి ఇరవై గుండ్లూ బాగానే పడ్డాయి. తర్వాత ఎప్పటిలాగే ఒకటి పక్కకు పోయింది, కాసేపటికి ఇంకోటి. అరవై అయ్యాక తెర మీద అంకె వచ్చింది. నాలుగు వందల తొంభై ఒకటి.

అక్కడ నన్ను ఎరిగినవాళ్లెవరూ లేరు. కోచ్ ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు. నేను పిస్టల్ పెట్టెలో పెట్టుకొని బయటికి వచ్చి, మాస్టారు రాసిన అంకెనూ నా అంకెనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. రెండేళ్ల కాగితాలు అరగంట చూసి ఒకే ఒక్క మార్కు తేడాతో చెప్పిన మనిషిని నేను గీత లాగి పంపించాను. ఇంటికొచ్చి, స్టాఫ్ రూములో, పాలవాడి దగ్గర, ఐదు వందల పన్నెండు కొట్టానని చెప్పుకున్నాను. ఎవరు వెళ్లి చూస్తారు.

ఆయన్ని మళ్లీ చూసింది ఏప్రిల్లో. ఎండాకాలం వస్తే మా కాలేజీ లెక్చరర్లందరం పల్లెల మీద పడి, మా కాలేజీలో చేరండని తల్లిదండ్రుల్ని బతిమాలాలి. అది కూడా ఉద్యోగంలో భాగమే. సంచిలో ర్యాంకుల కరపత్రాలు పెట్టుకొని పూతలపట్టు కూడలిలో చింతచెట్టు కింద చెరకురసం బండి దగ్గర నిలబడ్డాను. మాస్టారు తిరుపతి బస్సు దిగాడు. ఆసుపత్రికి పోయి వస్తున్నాడట. పలమనేరు బస్సు కోసం అక్కడ దిగాడు.

నన్ను చూసి ఆయనే దగ్గరకొచ్చాడు. ముఖం తిప్పుకోవలసింది నేనే, అది కూడా చేతకాక నిలబడిపోయాను. రసం తీసుకున్నాడు. గ్లాసును రెండు చేతులతో, కుడిచేతి మీద ఎడమచెయ్యి అదిమి పట్టుకొని తాగాడు. ఎండ సంగతి, వాళ్లావిడ మోకాళ్ల సంగతి చెప్పాడు. పలమనేరులో ఒక బడివాళ్లు పిస్టళ్లు కొన్నారట, ఆదివారాలు పిల్లలకు నేర్పమని ఆయన్ని అడిగారట. చెయ్యి ఇట్లా ఉందని ముందే చెప్పేశాడట, మాకు మీ నోరు చాలు మాస్టారూ అన్నారట. ఎల్లుండి ఆదివారం వెళ్లి సరే అని చెప్పాలి. డబ్బాలోకి కొత్తగా ఇంకో రెండు మూతలు కూడా చేర్చాడట, పిల్లల చేతులు చిన్నవి కాబట్టి సాసరు కంటే పెద్దవి. ఆయన్ని అంత సంతోషంగా నేను గోడౌనులో ఎన్నడూ చూడలేదు.

తర్వాత అడిగాడు. "రాష్ట్రానికి పోయినావంట గదా. ఎంత కొట్టినావప్పా?"

అందరికీ చెప్పిందే నోటికి వచ్చింది. "ఐదు వందల పన్నెండు మాస్టారూ."

నమ్మడనుకున్నాను. ఎప్పుడు, మళ్ళా ఎప్పుడు అంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అడిగి నన్ను పట్టుకుంటే బాగుండునని కూడా ఎక్కడో అనుకున్నాను. ఆయన గ్లాసు బండి మీద పెట్టాడు. పెదవులతో ఏదో లెక్క వేసుకున్నాడు. ఆయన ఎవరి కాగితాన్నీ ఎప్పుడూ అనుమానించలేదు. గుండు ఎక్కడ పడిందో అక్కడే పడిందని నమ్మే మనిషి. నా అంకెను కూడా అలాగే తీసుకున్నాడు.

"ఐదునూర్ల పన్నెండు. నేను నాలుగునూర్ల తొంభై అని రాసిస్తిని."

"పర్లేదు మాస్టారూ. అయిపోయింది కదా."

"పర్లేదంటే ఎట్లప్పా. ఇరవై రెండు తేడా. అంత తప్పు సూసినానంటే కన్ను కూడా పోయినట్టే గదా." గ్లాసును బండి మీద ఇంకాస్త లోపలికి జరిపి, "నీకు ఒక ఏడు అన్యాయంగా అడ్డం పడినాను. మనసులో పెట్టుకోవద్దు. ఆ కొత్త కోచ్ పిల్లోడు నాకంటే బాగా సూసినాడు నిన్ను" అన్నాడు.

నేను చెరకురసం బండివాడికి ఇంకో గ్లాసు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఇద్దరిలో ఎవరికీ అక్కర్లేదు.

"ఆ బడి సంగతి ఇంగ వద్దులే. కొలత తెలీనోడు పిల్లోళ్ళ కాడ నిలబడకూడదు."

ఈ మాట నాతో అన్నట్టు లేదు, తనలో తాను తేల్చుకున్నట్టు ఉంది. ఆయన ఆ బడికి వెళ్లలేదని తర్వాత విన్నాను. పిలవడానికి వాళ్లు రెండుసార్లు ఇంటికి కూడా వెళ్లారట. ఏడాదిన్నర ఇంట్లోనే ఉండి, చివరికి అక్కడే కన్నుమూశాడు.

పలమనేరు బస్సు వెంటనే వచ్చి ఉంటే, చెప్పే వ్యవధి లేకపోయిందని ఈపాటికి నాకు నేను సర్దిచెప్పుకొనేవాణ్ణి. అది రావడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆయన నా పక్కనే, చింతచెట్టు నీడ నా మీదికి పడేలా తాను రవ్వంత పక్కకు జరిగి నిలబడ్డాడు. బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. నేను ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను. అది నా చేతిలో ఆగకుండా వణుకుతూనే ఉంది. జాగ్రత్తగా ఎక్కించి, కిటికీ పక్కన సీటు చూపించి, వెళ్లొస్తాను మాస్టారూ అని చెప్పి దిగాను. నాలుగు వందల తొంభై ఒకటి అని మాత్రం చెప్పలేదు.